ఇరవై ఏడు ఎర్ర జెండాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్లందరూ అంటారు. కాదని నేనెప్పుడూ వాదించలేదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల పెరళ్లలో గడ్డి కోసి, గుంటలు పూడ్చి, నీళ్లు పెట్టి బతుకుతున్నాను. ఎంత ముచ్చటగా కోసినా వారం తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది. ఇలాంటి పని చేసేవాడికి కోపం రాకపోతే ఇంకెవరికొస్తుంది?

కానీ ఆ శనివారం పొద్దున మా బావ ఇంటి వెనక పెరట్లో అడుగు పెట్టగానే నాకు వచ్చింది కోపం కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెరటి నిండా, ఏపుగా పెరిగిన గడ్డి మధ్యలో, చిన్న చిన్న ఎర్ర జెండాలు గుచ్చి ఉన్నాయి.

ఆ జెండాల సంగతి చెబితే గానీ నా ఏడుపు అర్థం కాదు. మా పనిలో అదొక పద్ధతి. గడ్డిలో ఎక్కడైనా లోపం కనిపిస్తే, అంటే చీమల బొరియో, బోడి మచ్చో, కాలు మడతపడే గుంటో ఉంటే, ఇంటివాళ్లు అక్కడొక జెండా గుచ్చి పెడతారు. జానెడు తీగముక్కకి చివర ఎర్రగుడ్డ పీలిక, అంతే. మేం వెళ్లేసరికి ఇంట్లో ఎవరూ లేకపోయినా ఇబ్బంది లేదు. జెండా ఉన్న చోటల్లా బాగుచేసి, జెండా పీకి బకెట్లో వేసుకుని వచ్చేస్తాం. ఆ జెండాలు ఇంటింటికీ నేనే కట్టలుగా ఇచ్చి పెడతాను.

మా మేనకోడలికి జెండా గుచ్చడం నేర్పింది కూడా నేనే. అప్పుడు దానికి ఆరేళ్లు. అరచేతిలో పట్టేంత మనిషి, క్షణం కుదురుగా ఉండేది కాదు. అందుకే పిచ్చుక అని పిలిచాను, అదే స్థిరపడిపోయింది. నా గడ్డి కోసే మిషను వెనకే తిరుగుతూ "మామయ్యా, ఇక్కడ గుంట! ఇక్కడ ఇంకో గుంట!" అని గుచ్చుకుంటూ వచ్చేది. చూస్తే అక్కడ గుంటా ఉండదు, పాడూ ఉండదు. "ఇక్కడేముందే?" అని గద్దిస్తే, "ఏమీ లేదు. నువ్వు ఇంకాసేపు ఉంటావని" అనేది. మా అక్క గోడవారన చెక్క బల్ల మీద కూర్చుని పడీపడీ నవ్వేది.

ఆ పెరట్లో గడ్డి నేను వేసిందే. అక్కా బావా ఆ ఇంట్లో చేరిన ఏడాది, మోకాళ్ల మీద పాకుతూ జానెడు జానెడు అతికాను. సాయంత్రం పూట అక్క ఆ బల్ల మీద కూర్చుని నా పని చూసేది. చూసేదంటే, వంకలు పెట్టేది. "అక్కడ వదిలేశావు. ఇక్కడ వంకర పోయింది. నీకు కళ్లజోడు కావాలి, మీ బావ షాపులో తీసుకో." మా బావకి కళ్లజోళ్ల షాపు ఉంది. ఊళ్లో సగం మందికి కళ్లు తెప్పించాడు గానీ, తన కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కుంటాడు.

అక్క పోయి నాలుగేళ్లయింది. పోయిన వారానికి బావ ఒకే ఒక మాట అన్నాడు. "ఆ బల్ల ఎక్కడుందో అక్కడే ఉండాలి. ఎవరూ కదపొద్దు." ఎవరూ కదపలేదు. దాని కింద గడ్డిని నేను పొట్ట నేలకానించి కత్తెరతో కత్తిరించేవాణ్ణి.

రెండేళ్ల కిందట పిచ్చుక నా నెత్తిన పిడుగు పడేసింది. "మామయ్యా, ఇకనుంచి వెనక పెరడు కొయ్యకు. ముందువైపు నీ ఇష్టం."

"ఏం? ఎవరినైనా వేరేవాణ్ణి పెట్టుకుంటున్నారా?"

"ఎవరూ కొయ్యరు. అలా వదిలేద్దాం. పురుగుల కోసం."

ఇరవై రెండేళ్ల పిల్ల, బుద్ధీజ్ఞానం ఉన్న పిల్ల, కాలేజీలో పురుగుల మీద పెద్ద చదువు చదువుతున్న పిల్ల, నేను పాకి పాకి పెంచిన గడ్డిని పురుగులకి రాసిచ్చేసింది. నేనేమీ అనలేదు. అంటే కోపంలో ఏమంటానో నాకే తెలియదు. చూస్తుండగానే గడ్డి మోకాళ్ల దాకా వచ్చింది. పిచ్చి మొక్కలు మొలిచాయి, పసుప్పచ్చ పూలు పూశాయి. పక్కింటివాళ్లు నన్ను చూసి "ఏమిటండీ, మీ బావగారింటికి వెళ్లడం మానేశారా?" అని అడిగేవాళ్లు.

మానేసినట్టే అయింది మరి. ముందువైపు ఉన్నది చాపంత జాగా. పది నిమిషాల పని. ఆ తర్వాత ఏం చెయ్యాలి? పని లేని చోట ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. అక్క ఉన్నప్పుడు అక్క తిట్లు వినడానికి వెళ్లేవాణ్ణి. అక్క పోయాక గడ్డి కోయడానికి వెళ్లేవాణ్ణి. గడ్డి కూడా పోయాక ఏ సాకుతో వెళ్లను? ఆ ఇంట్లో నాకిక చోటు లేదని నాకు నేనే చెప్పేసుకున్నాను. చెప్పుకుని చాలా బాధపడ్డాను. ఎవరికీ తెలియనివ్వలేదు.

అందుకే శుక్రవారం బావ ఫోను చేస్తే ముందు నమ్మలేదు.

"ఏమోయ్ బావమరిదీ, ఆదివారం పొద్దున పిచ్చుక వాళ్ల మేడం వస్తోందట. మన పెరడు చూడ్డానికట. చూడ్డానికోయ్! ఈ అడవి చూస్తే ఆవిడ వచ్చిన దారినే పారిపోతుంది. రేపొచ్చి కాస్త ఓ చెయ్యి వెయ్యి."

"పిచ్చుక ఒప్పుకుందా?"

"దానికి నేను చెప్తాలే."

చెప్పలేదు. ఆయనకి సాయంత్రానికి ఆ సంగతే గుర్తులేదు. కానీ నాకా సంగతి తెలియదు కదా. శనివారం వెళ్లేసరికి బావ షాపుకి వెళ్లిపోయాడు, పిచ్చుక కాలేజీ నుంచి కెమెరా ఏదో తేవడానికి వెళ్లింది. తలుపుకి తాళం, వెనక గేటు తీసే ఉంది. లోపల ఎర్ర జెండాలు.

లెక్కపెట్టాను. ఇరవై ఏడు. ఒక్కో గుడ్డ మీద సిరాతో నంబరు కూడా వేసి ఉంది. మామయ్య ఒక్కటి కూడా మర్చిపోకూడదని నంబర్లు వేసిందనుకున్నాను. పిచ్చుక మనసు మార్చుకుంది, నోటితో చెప్పడానికి మొహమాటపడి మా పాత భాషలో పిలిచింది అనుకున్నాను. ఇంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు.

ఒక్కో జెండా పక్కనా నేలలో పెన్సిలంత బొరియ, దాని చుట్టూ పిండి జల్లినట్టు కాస్త మట్టి. కొత్తరకం చీమలేమో అనుకున్నాను. బొరియ మీద రెండు మూడు ఈగల్లాంటివి తిరిగాయి. ఒకదాని వీపు మీద పసుప్పచ్చ చుక్క ఉంది. లోకంలో ఎన్ని రకాల ఈగలో అనుకుని చేత్తో తోలేశాను.

పనిలోకి దిగితే నేను మనిషిని కాను. జల్లెడ పట్టిన మట్టిలో ఇసుక కలిపి బొరియ బొరియకీ వేలితో కూరాను, పైన అదిమాను, చుట్టూ గడ్డిని దువ్వి కప్పాను. పూడ్చిన చోటు ఇంటివాళ్లకే కాదు, కాసేపయ్యాక నాక్కూడా కనపడకూడదు. అదీ నా పని. అందుకే జెండా పీకే ముందు ప్రతిదీ పుస్తకంలో రాసుకుంటాను, పూడ్చిన చోట వారం పాటు నీళ్లు పట్టాలి కనక. మిషను ఒకసారి పోయిన మేర ఒక వరస. ఆ పెరట్లో మొదటి వరస ఎప్పుడూ బల్ల ఎడమ కాలి దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణుంచి కుడికో ఎడమకో ఎన్నో వరస, గోడ నుంచి ఎన్నో అడుగు, జెండా నంబరెంత. ఇరవై ఏడూ రాశాను.

ఇంత చేశాక బల్ల కింద గడ్డి ఒక్కటే గుబురుగా మిగిలింది. నా నడుం ఇదివరకటిది కాదు, పొట్ట మీద పాకలేను. బావ లేడు, చూసేవాళ్లు లేరు. ఒక్క నిమిషమే కదా అని బల్లని పక్కకి లాగాను. నాలుగు కాళ్లు దిగబడ్డ చోట నాలుగు గుంటలున్నాయి. గుంట చూశాక ఊరుకుంటానా? పూడ్చి, పైన గడ్డి అతికాను. మిషనుతో పెరడంతా కోశాను. రోలరు లాగాను. తర్వాత బల్లని తెచ్చి గోడకి సరిగ్గా మధ్యలో పెట్టాను. దూరంగా నిలబడి చూసుకుంటే, అక్క ఉంటే ఈసారి వంక పెట్టలేకపోయేది అనిపించింది.

ఒంటిగంటకి పిచ్చుక వచ్చింది. మెడలో కెమెరా, చేతిలో సంచీ. గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాను, చేతులు దులుపుకుంటూ.

సంచీ కింద పెట్టింది. పెరటి మధ్యలోకి నడిచి, అక్కడ నిలబడి చుట్టూ చూసింది. "నా జెండాలేవి మామయ్యా?"

"ఇవిగో, బకెట్లో ఉన్నాయి. ఒక్కటీ వదల్లేదు. ఇరవై ఏడు బొరియలూ మూసేశాను."

"మూసేశావా?" అంది. అడిగినట్టు కాదు, తనకి తాను చెప్పుకున్నట్టు అంది. తర్వాత గడ్డిలో కూలబడింది.

నాకేమీ అర్థం కాలేదు. వెక్కిళ్ల మధ్య అది చెప్పిన మాటలు ఒకదానికొకటి అతకలేదు. అవి చీమలు కావట. ఒకరకం తేనెటీగలట. అవి తేనెపట్టు పెట్టవట, నేలలోనే ఒక్కోటీ ఒక్కో ఇల్లు తవ్వుకుంటుందట, పిల్లల కోసం లోపల పుప్పొడి దాస్తుందట. రెండేళ్ల నుంచి వాటినే చూస్తోందట. ఏది ఏ ఇంటిదో తెలియడానికి వీపు మీద రంగు చుక్కలు పెట్టిందట. దాని చదువంతా ఈ ఇరవై ఏడు బొరియలేనట. ఎవరూ తొక్కకూడదని పక్కన జెండాలు గుచ్చిందట.

"మరి జెండా గుచ్చితే నేనేమనుకోవాలి?" అని అరిచాను. అరవాల్సింది నేను కాదని తెలుసు. అయినా అరిచాను.

"నువ్వు వెనక పెరట్లోకి రావు కదా మామయ్యా! రెండేళ్ల నుంచి రావట్లేదు కదా! అటక మీద నీ పాత జెండాల కట్ట కనిపిస్తే వాడుకున్నాను. నువ్వే చూస్తావని నేనేం కలగన్నానా?"

నేను పిలుపు అనుకున్నది పిలుపు కాదు. నాకు గడ్డి పెట్టాల్సింది పోయి అది ఏడుస్తూ కూర్చుంది, చూడ్డం ఇంకా కష్టంగా ఉంది.

అప్పటికే ఆ తేనెటీగలు తిరిగి వస్తున్నాయి. పైకి చూసి నేనూ గమనించాను. మొదట నాలుగైదు, తర్వాత పది, పదిహేను. కాళ్లకి పసుప్పచ్చ పొడి అంటుకుని బరువుగా వచ్చి, నేలకి జానెడు ఎత్తులో అటూ ఇటూ తిరిగాయి. దిగబోయి, మళ్లీ లేచి, మళ్లీ వెతికాయి. చదును చేసిన గడ్డి మీద వాటికేమీ దొరకలేదు.

"లోపల గూళ్లు బాగానే ఉంటాయి. నువ్వు మూసింది పైపైనే కదా. చోటు తెలిస్తే తవ్వుకుని వెళ్తాయి. చోటే తెలియట్లేదు. చుట్టూ ఉన్న గుర్తులు చూసుకుని ఇల్లు పడతాయి మామయ్యా. గడ్డి దుబ్బులు, పూలు, జెండాలు, అన్నీ పోయాయి," అంది పిచ్చుక, మొహం తుడుచుకుంటూ. "చీకటి పడేలోపు దొరక్కపోతే ఎటో వెళ్లిపోతాయి. రేపు మేడంకి చూపించడానికి ఒక్కటీ ఉండదు."

"చోటు నాకు తెలుసు," అన్నాను.

నా పుస్తకం చూసి దాని మొహం కాస్త వెలిగింది. అంతలో మధ్యాహ్నం భోజనానికి బావ వచ్చాడు. పెరడు చూసి "అబ్బ! ఇప్పుడు కదా ఇల్లులా ఉంది!" అన్నాడు. కూతురు తలెత్తి చూసిన చూపుకి నోరు మూసుకుని, నెత్తి మీది కళ్లజోడు కిందికి దించుకున్నాడు.

"ఇంకేమైనా కదిపావా మామయ్యా? కుండీ, రాయి, ఏదైనా?"

బావ నా పక్కనే ఉన్నాడు. "లేదు," అన్నాను. ఆ మాట అన్నాక నా కళ్లు బల్ల వైపు పోలేదు.

బల్ల ఎడమ కాలి దగ్గర దారం కట్టి, వరసలు కొలిచి, అడుగులు లెక్కపెట్టి, ఒక్కో జెండా దాని చోట గుచ్చాను. కుడికి మూడో వరస ఐదో అడుగు, ఏడో నంబరు. మూడో వరస తొమ్మిదో అడుగు, ఇరవయ్యో నంబరు. పిచ్చుక చదువుతుంటే నేను గుచ్చాను. బావ బకెట్ పట్టుకుని వెనక నడిచాడు. ఇరవై ఏడూ అయ్యేసరికి రెండు దాటింది.

ముగ్గురం పక్కకి తప్పుకుని నిలబడ్డాం. వీపు మీద పసుప్పచ్చ చుక్క ఉన్నది, పొద్దున నేను తోలేసింది, వచ్చింది. ఒక చుట్టు తిరిగింది. సూటిగా ఏడో జెండా పక్కన దిగింది.

"దిగింది! ఏడో నంబరు తన జెండా దగ్గరే దిగింది!" అని పిచ్చుక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకోటి దిగింది. తెల్ల చుక్కది పన్నెండు దగ్గర, నీలం చుక్కది ఇరవై దగ్గర. బావ చప్పట్లు కొట్టాడు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. నా కొలత తప్పదు మరి, ముప్పై ఏళ్ల చెయ్యి.

కానీ అవి లోపలికి వెళ్లలేదు. పసుప్పచ్చ చుక్కది నేలని గీకింది, చుట్టూ నడిచింది, లేచింది, సరిగ్గా అక్కడే మళ్లీ దిగింది, మళ్లీ గీకింది. మిగతావీ అంతే. ఎవరి జెండా దగ్గర వాళ్లు దిగుతున్నారు, ఎవరికీ ఇల్లు లేదు.

"ఇదేంటి?" అంది పిచ్చుక. నేలకి మొహం ఆనించి చూసింది. "వచ్చింది సరైన చోటికే. మరెందుకు తవ్వట్లేదు? ఇలా నేనెప్పుడూ చూడలేదు."

"నువ్వు మరీ గట్టిగా అదిమావేమో," అన్నాడు బావ.

నేను వంగి ఏడో జెండా పక్కన వేలితో గుచ్చి చూశాను. వేలు దిగలేదు. గట్టి నేల, ఏళ్ల నాటి వేళ్లు అల్లుకున్న నేల. ఇందులో ఇసుక లేదు. పూడ్చిన చోటు కంటికి కనపడకపోవచ్చు, నా వేలికి తెలియదా? ఇక్కడ నేను ఏమీ పూడ్చలేదు. ఇరవయ్యో జెండా దగ్గర గుచ్చాను. అదీ గట్టిదే. పుస్తకం అబద్ధం చెప్పదు. నేను తప్పాననుకున్నా, ఈ పురుగులన్నీ కలిసి నాతో పాటు అదే తప్పు ఎలా చేస్తాయి? నాకూ వాటికీ తప్పుడు దారి చెప్పినవాడెవడు?

అప్పుడు బల్ల వైపు చూశాను. చూడక తప్పలేదు.

గోడకి సరిగ్గా మధ్యలో ముచ్చటగా ఉంది. అక్క ఉన్నన్నాళ్లూ అది ఎప్పుడూ మధ్యలో లేదు. కుడికి ఒక మూరెడు పక్కకి ఉండేది. నేను బల్లని చూసి కొలిచాను. అవీ బల్లనే చూసి కొలుచుకున్నాయి. పెరట్లో గుర్తులన్నీ కోసి పారేశాక వాటికి మిగిలింది ఆ బల్ల ఒక్కటే. నేను బల్లని ఎడమకి జరిపితే, పాపం, వాటి ఇళ్లన్నీ మూరెడు ఎడమకి జరిగాయనుకున్నాయి.

పుప్పొడి మోసుకుని అవి గీకుతూనే ఉన్నాయి. చెప్పకపోతే పిచ్చుక రెండేళ్ల శ్రమ మట్టిలో కలుస్తుంది. చెబితే బావ మొహం ఎలా చూడను? ఈ ఇంటికి ఇదే ఆఖరిసారి రావడం అనుకున్నాను. అనుకున్నాక చెప్పడం కాస్త తేలికైంది.

"బావా," అన్నాను. "నేను అబద్ధం చెప్పాను. బల్ల కదిపాను. కాళ్ల గుంటలు కూడా పూడ్చేశాను."

బావ కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. పిచ్చుక నన్ను చూసింది, బల్లని చూసింది, జెండాల దగ్గర గీకుతున్నవాటిని చూసింది. దానికి అర్థమైపోయింది.

"ఎంత జరిపావ్?" అని అడిగాడు బావ.

"మూరెడు. ఎడమకి."

"మూరెడంటే సరిగ్గా ఎంత? అంచనాగా పెడితే కుదరదు. మీ అక్క కూర్చున్న చోటికే రావాలి."

"నాలుగు గుంటలూ వేలికి తెలుస్తాయి బావా. దొరుకుతాయి."

మోకాళ్ల మీద కూర్చుని గోడవారన నేలంతా వేళ్లతో తడిమాను. ఒకచోట వేలు మెత్తగా దిగింది. అతికిన గడ్డి పీకేశాను, మట్టి తోడేశాను. రెండోది, మూడోది, నాలుగోది. ఎంత శ్రద్ధగా పూడ్చానో అంత శ్రద్ధగా తవ్వాను. లేచి చూస్తే బావ అప్పటికే బల్లకి అటు చివర వంగి ఉన్నాడు. "పట్టు," అన్నాడు. ఇద్దరం ఎత్తాం. నాలుగు కాళ్లూ నాలుగు గుంటల్లో దిగాయి. బల్ల మళ్లీ కాస్త వంకరగా, మళ్లీ పక్కకి, అక్క బల్లలా నిలబడింది. బావ దాని మీద చెయ్యి వేసి ఒకసారి ఊపి చూశాడు. కదల్లేదు. నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పిచ్చుకా నేనూ కలిసి జెండాలన్నీ మూరెడు మూరెడు కుడికి మార్చాం. ఈసారి ప్రతి జెండా దగ్గరా వేలు దించి చూశాను. ప్రతిచోటా మెత్తటి ఇసుక తగిలింది.

పురుగులకి తల తిరిగే ఉంటుంది. ఇందాక ఇక్కడ, ఇప్పుడు అక్కడ. చాలాసేపు గాల్లోనే తచ్చాడాయి. ముగ్గురం కదలకుండా నిలబడ్డాం. పసుప్పచ్చ చుక్కది పాత చోట ఒకసారి దిగి లేచింది, బల్ల దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది, ఏడో జెండా పక్కన కొత్త చోట దిగింది. గీకింది. మట్టి రేగింది. ముందు తల లోపలికి పోయింది, తర్వాత పసుప్పచ్చ చుక్క, తర్వాత ఏమీ కనపడలేదు.

పిచ్చుక ఏమీ అరవలేదు. పుస్తకం తీసి ఏడు దగ్గర టిక్కు పెట్టింది. నాలుగున్నరయ్యేసరికి పందొమ్మిది టిక్కులయ్యాయి. ఎనిమిది రాలేదు. వస్తాయో రావో దానికీ తెలియదట.

"పందొమ్మిది చాలవా?" అన్నాడు బావ.

"చాలుతాయి నాన్నా. నిజం చెప్పాలంటే మేడంకి ఈ కథే ఎక్కువ నచ్చుతుందేమో. బల్ల జరిగితే ఏమవుతుందో నాకు తోచనే లేదు."

దాని చదువు నిలబడిందని అర్థమైంది. ఇక నాకిక్కడ పనేమీ లేదు. మిషను సర్దుకున్నాను, బకెట్ కడిగాను. బావ లోపలికి వెళ్లాడు. కాళ్లు పీకుతున్నాయి. ఆలోచించకుండా అక్క బల్ల మీద కూర్చున్నాను. అక్క పోయాక దాని మీద ఎవరూ కూర్చోలేదు.

సరిగ్గా అప్పుడే ఏడో బొరియలోంచి పసుప్పచ్చ చుక్కది బయటికి వచ్చింది. ఎగిరిపోలేదు. గాల్లో వెనక్కి తిరిగి తన బొరియనే చూస్తూ కుడికీ ఎడమకీ ఊగింది. ఇంకాస్త పైకి లేచి ఇంకా వెడల్పుగా ఊగింది. నా మోకాలి దాకా వచ్చింది, నా మొహం ముందు ఒక్క క్షణం ఆగింది, అప్పుడు వెళ్లిపోయింది.

"ఇదేంటి, మళ్లీ దారి తప్పిందా?" అన్నాను.

"తప్పలేదు. గుర్తుపెట్టుకుంటోంది," అంది పిచ్చుక. "పొద్దున్నుంచి అన్నీ మారిపోయాయి కదా, కొత్తగా పాఠం చదువుకుని వెళ్లింది. జెండా, గోడ, బల్ల." ఆగి నన్ను చూసింది. "నువ్వు."

"నేనా?"

"బల్ల మీద నువ్వున్నావుగా. నిన్నూ కలిపే చూసుకుంది. కదలకు మామయ్యా, అది తిరిగొచ్చేదాకా."

"ఎంతసేపు?"

"అరగంట. ఈలోగా ఇంకోటి బయల్దేరుతుంది."

"ఆ తర్వాత?"

"రేపు కూడా రావాలి. ఎల్లుండి కూడా. నువ్వు లేకపోతే అవి దారి తప్పుతాయి."

తలొంచుకుని పుస్తకంలో ఏదో రాసుకుంటూ చెప్పింది. ఆ మాట కాలేజీలో నేర్చుకున్నదో, ఆరేళ్లప్పుడు లేని గుంటలకి జెండాలు గుచ్చిన పిల్ల అన్నదో నాకు తెలియలేదు. అడగలేదు. కదలకుండా కూర్చున్నాను.